నల్లనీళ్లు, తేటనీళ్లు

నెక్కొండ స్టేషన్ మీదుగా బొగ్గు బండ్లు పోతూనే ఉంటాయి. కొత్తగూడెం, మణుగూరు దిక్కున నిండిన వ్యాగన్లు డోర్నకల్ జంక్షన్‌లో పెద్ద లైను ఎక్కి, మానుకోట, కేసముద్రం, నెక్కొండ దాటి కాజీపేట వైపు సాగుతాయి. అసలు ఈ పట్టాలకూ ఆ బొగ్గుకూ పాత బంధం ఉంది. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు ఉందని కనిపెట్టాడు. 1886లో వరంగల్ దాకా వచ్చిన నిజాం రైలు 1889 కల్లా బెజవాడ చేరింది. సింగరేణిలో బొగ్గు తవ్వకం మొదలైందీ ఆ 1889లోనే.

బండిలో పోయే బొగ్గు మన కంటికి కనిపిస్తుంది. దాన్ని తవ్వేటప్పుడు, కడిగేటప్పుడు, కాల్చి కోకుగానో గ్యాసుగానో మార్చేటప్పుడు వాడి వదిలే నీళ్లు కనిపించవు. ఈ పూట ఆ నీళ్ల సంగతి మాట్లాడుకుందాం. వాటిని ఎట్లా శుద్ధి చేస్తారు, తిరిగి దేనికి వాడుకోవచ్చు, దేనికి వాడుకోకూడదు అన్నది చూద్దాం.

నెక్కొండలో గని లేదు, బొగ్గు కడిగే వాషరీ లేదు, మనకెందుకు ఈ గొడవ అని అడగొచ్చు. మన దగ్గర పడ్డ వాన మున్నేరు మీదుగా కృష్ణలో కలుస్తుంది. ఆ మున్నేరు పుట్టేది మన పాకాల చెరువు నుంచే. బొగ్గు పొరలున్నది గోదావరి లోయలో. ఒకప్పుడు ఆ నీళ్లకూ ఈ నీళ్లకూ పొత్తు లేదు. దేవాదుల ఎత్తిపోతలతో ఆ మాట మారిపోయింది. ఏటూరునాగారం దిక్కున గంగారం దగ్గర గోదావరిని తోడి వరంగల్ పొలాలకు పంపుతున్నారు. అక్కడికి రాకముందే ఆ నది మంచిర్యాల, రామగుండం బొగ్గు ప్రాంతాల పక్క నుంచి ప్రవహించి వస్తుంది. ఆ నీటినే రామప్ప మీదుగా పాకాలకు తెచ్చే పథకం కూడా చేపట్టారు. కాకతీయ గణపతిదేవుడి కాలంలో కట్టిన చెరువుకు ఎనిమిది వందల ఏళ్ల తర్వాత కొత్త ఎగువ పుట్టుకొచ్చిందన్న మాట. ఎగువన నీళ్లతో ఏం చేస్తున్నారన్నది దిగువ ఊళ్ల వాళ్లకు తెలిసి ఉండాలి. గోదావరి చెడిపోయిందని నేను అనడం లేదు. పొలం తడిపే నీటి పుట్టుపూర్వోత్తరాలు రైతుకు తెలియాలని అంటున్నాను.

బొగ్గు నీళ్లనగానే అందరికీ నల్లటి మురుగు కళ్ల ముందు మెదులుతుంది. ఈ ప్రసంగంలో నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒక్కటే. బొగ్గు నీళ్ల విషయంలో రంగును నమ్మొద్దు. నల్లగా ఉన్నవి చాలావరకు తేలిగ్గా బాగుపడే నీళ్లు. తేటగా ఉన్నవాటిలోనే అసలు ప్రమాదం దాగి ఉండొచ్చు.

ముందు నల్లనీళ్ల సంగతి. మన దేశపు బొగ్గులో రాయి, మట్టి ఎక్కువ. అది కాలితే మిగిలేది బూడిదే. అందుకని కొన్నిచోట్ల బొగ్గును కడుగుతారు. ఆ పద్ధతి ముచ్చటగా ఉంటుంది. బొగ్గు బరువు నీటికి ఒకటిన్నర రెట్ల కన్నా కాస్త తక్కువ. దాంట్లో కలిసిన రాయి రెండింతలకు పైనే. నీటిలో రెండూ మునుగుతాయి. అందుకని మాగ్నటైట్ అనే అయస్కాంత ఖనిజాన్ని మెత్తటి పొడి చేసి నీటిలో కలుపుతారు. ఆ చిక్కటి నీటిలో బొగ్గు పైకి తేలుతుంది, రాయి అడుగుకు పోతుంది. పని అయ్యాక మాగ్నటైట్‌ను అయస్కాంతాలతో పట్టి మళ్లీ వాడతారు. చివరికి మిగిలేది అర మిల్లీమీటరు కన్నా సన్నటి బొగ్గు నుసి, బంకమన్ను కలిసిన నల్లటి బురదనీళ్లు. వాషరీల్లో దీన్ని స్లర్రీ అంటారు.

ఈ స్లర్రీని వదిలేస్తే వాగు నల్లబడుతుంది. నుసి అడుగున పేరుకుని చేప గుడ్లు పెట్టే చోటు మూసుకుపోతుంది. పొలంలోకి వస్తే మట్టి మీద పెంకు కట్టి నీరు ఇంకదు. కానీ దీని నివారణ మన పెద్దవాళ్లకు తెలిసిన కిటుకే. బురదనీటి బిందెలో చిల్లగింజ అరగదీసి కలిపితే మన్ను కూడుకుని అడుగుకు దిగేది కదా. వాషరీలో చేసేదీ అదే. సన్నటి రేణువులు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ నీటిలో రోజుల తరబడి తేలుతుంటాయి. పాలీఅక్రిలమైడ్ అనే మందును అతి కొద్దిగా కలిపితే అవి గుంపుకట్టి బరువెక్కుతాయి. థిక్నర్ అనే వెడల్పాటి గుండ్రటి తొట్టిలో ఒక ఇనుప చెయ్యి చాలా నెమ్మదిగా తిరుగుతూ అడుగున చేరినదాన్ని మధ్యకు తోస్తుంటుంది. పైన తేరిన నీరు అంచు మీదుగా పొర్లి మళ్లీ బొగ్గు కడగడానికే పోతుంది. అడుగున ఉన్న చిక్కటి బురదను ఫిల్టర్ ప్రెస్‌లో గుడ్డల మధ్య పెట్టి పిండితే పలకలు పలకలుగా వస్తుంది. ఆ పలకల్లో ఉన్నది బొగ్గే. దాన్ని పారేయడమంటే తవ్వి తెచ్చుకున్న ఇంధనాన్ని వాగులో పోసుకోవడమే.

ఇదంతా సరిగ్గా నడిస్తే బయటికి చుక్క నీరు పోనక్కరలేదు. కడిగిన బొగ్గుకు అంటుకుపోయిన తడి, ఆవిరైపోయింది, పిండిన పలకల్లో మిగిలింది, ఈ నష్టం మేరకే కొత్త నీరు కావాలి. మన దేశపు నియమాలు కూడా వాషరీలు ఇట్లా మూసిన వలయంలో నడవాలనే చెబుతాయి. టన్ను బొగ్గుకు 1.5 ఘనపు మీటర్లకు మించి నీరు వాడొద్దన్నారు. తప్పనిసరై వదలాల్సి వస్తే లీటరుకు 100 మిల్లీగ్రాములకు మించి మడ్డి ఉండకూడదన్నారు. ఈ లెక్కలు అందుకోవడం యంత్రాలకు కష్టం కాదు. థిక్నర్ చెడిపోయిన రోజు, కరెంటు లేని రాత్రి, మందు అయిపోయిన వారం ఆ నీళ్లు ఎటు పోయాయన్నదే ప్రశ్న. వలయం మూసి ఉందో లేదో తెలిసేది అట్లాంటి రోజుల్లోనే.

పిండకుండా చెరువులు తవ్వి స్లర్రీని నిలబెట్టే పద్ధతి కూడా ఉంది. ఖర్చు తక్కువ, భయం ఎక్కువ. అమెరికాలో వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో బఫెలో క్రీక్ అనే లోయ ఉంది. 1972 ఫిబ్రవరి 26 పొద్దున అక్కడ బొగ్గు స్లర్రీని ఆపిన కట్ట తెగి 125 మంది చనిపోయారు. అంతకు నాలుగు రోజుల ముందే ఒక తనిఖీ అధికారి ఆ కట్ట సంతృప్తికరంగా ఉందని రాసి వెళ్లాడు. ఇది ఎక్కడిదో దూరదేశపు కథ అనుకోవద్దు. 2024 సెప్టెంబరు 1న ఇంటికన్నె, కేసముద్రం మధ్య రైలు పట్టాల కింది మట్టి ఎట్లా కొట్టుకుపోయిందో, పట్టాలు గాలిలో ఎట్లా వేలాడాయో మనం చూశాం. ఒక్క రాత్రి వానకు రైలుకట్టే ఆగలేదు. బొగ్గు ప్రాంతాల్లో మడ్డి దిగడానికి తవ్విన గుంటలు, బొగ్గు మీది నుంచి తీసి పోసిన మట్టి, అంటే ఓబీ గుట్టల చుట్టూ తీసిన కాలువలు అట్లాంటి వానకు సరిపోతాయా? సగటు వానను లెక్కపెట్టి కట్టినవైతే సరిపోవు. ఏ వానను లెక్కలోకి తీసుకున్నారో అడిగి తెలుసుకోవాల్సిన విషయం.

ఇక తేటనీళ్ల దగ్గరికి వద్దాం. అదే వెస్ట్ వర్జీనియాలో, 2014 జనవరి 9న, ఎల్క్ నది ఒడ్డున ఒక ట్యాంకు కారింది. అందులో ఉన్నది బొగ్గు కడగడంలో నురుగు తెప్పించి నుసిని వేరు చేయడానికి వాడే రసాయనం. రంగు లేదు. అతిమధురం వాసన వేస్తుంది. కొద్ది దూరంలోనే పట్నానికి నీరు తోడే చోటు. దాదాపు మూడు లక్షల మంది రోజుల తరబడి కుళాయి నీటితో వంట చేయలేదు, స్నానం చేయలేదు. ఆ నీరు గ్లాసులో పోసి చూస్తే ఏ తేడా కనిపించదు. వాసనే పట్టించింది.

ఇంతకన్నా లోతైన ప్రమాదం కోకు కొలుముల దగ్గర ఉంది. ఉక్కు చేయడానికి కోకు కావాలి. కోకు కావాలంటే గాలి తగలకుండా బొగ్గును వెయ్యి డిగ్రీలకు పైగా కాచాలి. అప్పుడు బొగ్గులోంచి తారు, అమ్మోనియా, గ్యాసులు వస్తాయి. ఆ గ్యాసును చల్లార్చి కడిగిన నీటిలో ఫినాల్, సయనైడ్, థయోసయనేట్, అమ్మోనియా కరిగి ఉంటాయి. కరిగినవి కాబట్టి ఎంతసేపు నిలబెట్టినా అడుగుకు దిగవు. చిల్లగింజ గాని పటిక గాని ఇక్కడ పనికిరావు. శుద్ధికి ముందు ఈ నీటిలో ఫినాల్ లీటరుకు వందల మిల్లీగ్రాములు ఉంటుంది. తాగేనీటిలో ఎంత ఉండొచ్చని మన ప్రమాణం చెబుతుందో తెలుసా? లీటరుకు 0.001 మిల్లీగ్రాము. అంటే పది లక్షల లీటర్ల నీటికి ఒక్క గ్రాము. అంతకు మించితే, ఆ నీటిలో క్లోరిన్ కలిపినప్పుడు రెండూ కలిసి నోట పెట్టుకోలేని మందు వాసన పుడుతుంది. రక్షణ కోసం వేసిన క్లోరినే నీటిని తాగకుండా చేస్తుంది.

తెలుగు నేల మీద ఈ పని పెద్ద ఎత్తున జరిగేది విశాఖ ఉక్కు కర్మాగారంలో. దేశంలో ఏడు మీటర్ల ఎత్తు కోకు కొలుములు మొదట వచ్చింది అక్కడే. ఇట్లాంటి నీటిని శుద్ధి చేసే వరస ఎక్కడైనా ఒకటే. ముందు తారు, నూనె తీసేస్తారు. ఆవిరి పట్టి అమ్మోనియాను తరిమేస్తారు. తర్వాత అసలు పని సూక్ష్మజీవులది. పెద్ద తొట్లలో గాలి ఊదుతూ వాటిని సాకుతారు. ఫినాల్‌ను తిని బతకగల బ్యాక్టీరియా ఉన్నాయి. మెల్లమెల్లగా అలవాటు చేస్తే సయనైడ్‌ను కూడా కొంత అరిగించుకుంటాయి. కానీ అవి ప్రాణమున్న జీవులు. ఒక్క పూట విషం మోతాదు పెరిగితే తొట్టి మొత్తం చచ్చిపోతుంది. మళ్లీ పెంచుకోవడానికి వారాలు పడుతుంది. ఆ తొట్ల దగ్గర షిఫ్టు పని చేసే వాళ్లు నీటి రంగు, నురుగు, వాసన చూసి బ్యాక్టీరియా ఎట్లా ఉందో పసిగడతారు. పశువులను సాకే ఓపిక కావాలి ఆ పనికి. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో ఈ విద్యకు దక్కాల్సిన గౌరవం దక్కడం లేదని నా బాధ.

తిరిగి వాడుకోవడం అనే మాటలో ఒక చిక్కు ఉంది. దాన్ని ఇక్కడే చెప్పాలి. చాలా కోకు కర్మాగారాల్లో ఎర్రగా కాలిన కోకు మీద నీళ్లు గుమ్మరించి ఆర్పుతారు. ఆ ఆర్పడానికి కోకు కొలుముల నీటినే వాడితే నీరు ఆదా అయిందని లెక్క రాసుకోవచ్చు. అది సగం శుద్ధయిన నీరైతే, అందులో మిగిలిన ఫినాల్, సయనైడ్ తెల్లటి ఆవిరితో పాటు గాలిలోకి లేచిపోతాయి. నీటి మురికిని గాలికి అంటగట్టి నీరు మిగిల్చామనడం నిజమైన పునర్వినియోగం కాదు. విశాఖలో మొదటి నుంచీ పొడి పద్ధతి ఎంచుకున్నారు. కాలిన కోకును నైట్రోజన్ గ్యాసుతో చల్లార్చి, ఆ వేడితో ఆవిరి పుట్టించి కరెంటు తీస్తారు. అక్కడ ఆర్పడానికి నీరే అక్కరలేదు. నీటిని ఎంత బాగా శుద్ధి చేశామన్న దానికన్నా, నీటిని పాడుచేయాల్సిన అవసరమే లేకుండా చేయడం గొప్ప పని.

ఈ రసాయనాల ముచ్చట తెలంగాణకు కొత్త కాదు. రామగుండంలో బొగ్గును గ్యాసుగా మార్చి యూరియా చేసిన ఎరువుల కర్మాగారం 1980లో ఉత్పత్తి మొదలుపెట్టి 1999లో మూతపడింది. ఇప్పుడు అదే చోట నడిచే కొత్త కర్మాగారం సహజవాయువుతో పనిచేస్తుంది. కానీ బొగ్గును గ్యాసుగా మార్చే ఆలోచన మళ్లీ ముందుకొచ్చింది. 2030 కల్లా ఏటా 10 కోట్ల టన్నుల బొగ్గును గ్యాసుగా మార్చాలని కేంద్రం గురి పెట్టుకుంది. 2024 జనవరిలో అందుకోసం 8,500 కోట్ల రూపాయల పథకానికి ఆమోదం తెలిపింది. గ్యాసు చేసే చోట కడిగిన నీటిలో అమ్మోనియా, సయనైడ్ ఉంటాయి. కొన్ని పద్ధతుల్లో ఫినాల్ కూడా బాగా వస్తుంది. రేపు మన గోదావరి లోయలో ఇట్లాంటి కర్మాగారం ఏదైనా రాదలిస్తే, ముందు అడగాల్సింది నీళ్ల గురించే. ఉద్యోగాలెన్ని అన్నది ఆ తర్వాత.

ఇప్పుడు రైతుకు దగ్గరి విషయం, బాయి నీళ్లు. గనిని మన దగ్గర బాయి అంటారు కదా. బొగ్గు పొరల చుట్టూ ఉన్న ఇసుకరాతిలో నీరు ఊరుతుంది. తోడకపోతే గని మునుగుతుంది. 2023-24లో సింగరేణి 7 కోట్ల టన్నుల బొగ్గు తీసింది. ఆ బొగ్గుతో పాటు పైకి వచ్చిన నీరు అపారం. దాన్ని గనుల్లోనే వాడే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. బొగ్గు తీసిన ఖాళీల్లోకి ఇసుకను నీళ్లతో కలిపి పైపుల ద్వారా పంపి నింపుతారు. ఇసుక అక్కడ నిలుస్తుంది, నీరు అడ్డుతడికెల గుండా వడిసి సంపులోకి చేరుతుంది. దాన్ని మళ్లీ పైకి తోడతారు. రోడ్ల మీద దుమ్ము అణచడానికి చల్లుతారు. ఫిల్టర్ బెడ్లలో వడగట్టి కార్మికుల కాలనీలకు ఇస్తారు.

ఈ విషయంలో మనం ఒక రకంగా అదృష్టవంతులం. మేఘాలయలో జైంతియా కొండల బొగ్గులో గంధకం ఎక్కువ. అది గాలి, నీరు తగిలి ఆమ్లంగా మారుతుంది. అక్కడి లుఖా నది చలికాలంలో నీలిరంగుకు తిరిగేది. చూసినవాళ్లకు అందంగా ఉండేది, చేపలు మాత్రం బతకలేదు. మన గోదావరి లోయ బొగ్గులో గంధకం సాధారణంగా ఒక శాతం లోపే. అందుకే బాయి నీళ్లు ఆమ్లంగా మారడం అరుదు. మడ్డి దిగితే చాలావరకు పొలానికి పనికొచ్చే నీళ్లే. కేంద్రం 2000లో గనులకు పెట్టిన ప్రమాణాల ప్రకారం వాగులో వదలాలంటే మడ్డి లీటరుకు 100 మిల్లీగ్రాములు, పొలాలకు పారించాలంటే 200 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చు. ఓపెన్‌కాస్టుల్లో పేలుడు మందుల వల్ల నైట్రేటు, డంపర్ల వల్ల నూనె కలిసే వీలుంది. వాటికీ హద్దులున్నాయి.

కానీ ప్రమాణాల పట్టికలో ఎక్కువగా చూసే మడ్డి కన్నా, రైతు చూడాల్సింది ఉప్పు. భూమి లోతుల నుంచి వచ్చిన నీటిలో కరిగిన లవణాలు ఎక్కువగా ఉండొచ్చు. నీరు అద్దంలా మెరుస్తుంది, రెండు మూడేళ్లు పారిస్తే చేను మీద తెల్లటి పొర తేలుతుంది. ఇక్కడ పంటను బట్టి జవాబు మారుతుంది. పత్తి ఉప్పును బాగా తట్టుకుంటుంది. మిరప తట్టుకోలేదు. నెక్కొండ, నర్సంపేట రైతు పెట్టుబడి పెట్టేదేమో మిరప మీద. ఒకే కాలువ నీరు ఒకరి పత్తికి సరిపోయి పక్కవాళ్ల మిరపనారును మాడ్చొచ్చు. అందుకని బాయి నీళ్లను చెరువుల్లోకి మళ్లించే చోటల్లా నీటి విద్యుత్ వాహకత, అంటే ఈసీ, కొలిచి చెప్పాలి. చేతిలో పట్టే చిన్న మీటరుతో నిమిషంలో తేలే పరీక్ష అది. ఎండాకాలంలోనే కొలవాలి, వాగు సన్నబడ్డప్పుడే నిజం బయటపడుతుంది.

ఇక అడగడానికి మనకున్న దారులు చెప్పి ముగిస్తాను. 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం గనులకూ వాషరీలకూ కోకు కొలుములకూ ముందస్తు అనుమతి కావాలి. ఏటా 10 లక్షల టన్నులు, అంతకు మించి కడిగే వాషరీ అయితే కేంద్రం దగ్గరికే పోవాలి. పెద్ద ప్రాజెక్టుల విషయంలో ఊళ్లో ప్రజాభిప్రాయ సేకరణ జరుగుతుంది. అక్కడ లేచి నిలబడి, మడ్డి ఎంత అని మాత్రమే అడిగి కూర్చోవద్దు. ఫినాల్ ఎంత, సయనైడ్ ఎంత, ఈసీ ఎంత, యంత్రం ఆగిన రోజు నీళ్లు నిలబెట్టడానికి వేరే గుంట ఉందా, అది ఎన్ని గంటల నీటిని పడుతుంది అని అడగండి. అనుమతి పొందినవాళ్లు ఏటా జూన్ 1న, డిసెంబరు 1న నివేదికలు ఇవ్వాలి. అవి అందరూ చూడదగ్గ పత్రాలు. డిసెంబరు నివేదికలో వానాకాలపు అంకెలు బాగానే కనిపిస్తాయి. జూన్‌లో వచ్చేదాన్ని తెప్పించుకుని చదవండి. కాలేజీలో కెమిస్ట్రీ చదివే పిల్లలెవరైనా మీ ఇంట్లో ఉంటే వాళ్ల చేత చదివించండి.

కాలుష్య నియంత్రణ మండలికి వరంగల్‌లో ప్రాంతీయ కార్యాలయం ఉంది. వాళ్లకు మన తరఫున ఒక విన్నపం. గోదావరి నీళ్లు పాకాలలో కలిసే చోట ఒకటి, పాకాల తూము దగ్గర ఒకటి, ఏటా మే నెలలో నీటి నమూనాలు తీయండి. ఫినాల్, సయనైడ్, ఈసీ మూడూ పరీక్షించండి. వచ్చిన అంకెలను ఖానాపురం, నెక్కొండ మండలాల పంచాయతీ ఆఫీసుల గోడల మీద తెలుగులో రాయించండి.